పక్కచూపు

డ్రైవరు తలెత్తేసరికి మేడం ఆయన బల్ల ముందు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"పెన్ను కింద పెట్టండి," అంది గొంతు తగ్గించి.

పెట్టేశాడు. ఎందుకని అడగలేదు. ఆపమంటే ఆపడం, పోనిమ్మంటే పోనివ్వడం ఆయనకు వృత్తి. మేడం ఆయన ముందున్న కాగితాలు తీసుకుని తన బల్ల మీదికి వెళ్లిపోయింది. అప్పుడు గాని ఆయనకు విషయం బుర్రకెక్కలేదు. చూసి రాస్తున్నాడనుకుంది. తల కొట్టేసినట్టయింది. ఎడమపక్కనున్న నర్సమ్మ, కుడిపక్కనున్న మంగలి తలలు వంచుకుని గబగబా రాసుకుపోతున్నారు. ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత పెద్ద పనో ఆ మిగిలిన సమయమంతా ఆయనకు అర్థమైంది.

అది అసలు పరీక్ష కాదు, అసలు పరీక్షకు ముందు కాలేజీ వాళ్లే పెట్టే నమూనా పరీక్ష. ఆ కాలేజీ సాయంత్రాలే నడుస్తుంది. పగలు చిన్నపిల్లల బడిగా ఉండే మేడలో, చిన్నపిల్లల బల్లల మీదే, చదువు మధ్యలో వదిలేసిన పెద్దవాళ్లు మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంటారు. రెండేళ్లు చదివి చివర్లో పెద్ద పరీక్ష గట్టెక్కితే యూనివర్సిటీ తలుపు వీళ్లకూ తెరుచుకుంటుంది, నేరుగా వచ్చిన కుర్రకారుకు తెరుచుకున్నట్టే. "మనది డైవర్షన్ రూటు. కాస్త చుట్టూ తిరుగుతాం, గతుకులుంటాయి, అంతే," అని మంగలి మొదటిరోజే తేల్చేశాడు. ఆ మాట నచ్చి డ్రైవరు అతని పక్కన చేరాడు.

అందరూ వెళ్లాక మేడం ఆయన్ని వరండాలోకి పిలిచింది. ఆవిడ వయసు ఆయన కంటే బాగా తక్కువ. అందుకే మందలించడం ఆవిడకూ కష్టంగానే ఉంది.

"డ్రైవర్ గారూ, మొదటిసారి చూశారు, ఊరుకున్నాను. రెండోసారీ ఊరుకున్నాను. మీరు అదే పనిగా ఎడమకీ కుడికీ చూస్తూనే ఉన్నారు."

"నేనా?"

"మీరే. నేను లెక్కపెట్టడం మానేశాను."

"నేను చూడలేదు మేడం," అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆవిడ అన్నదీ అబద్ధంలా లేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆయనకు అంతుపట్టలేదు.

మేడం చేతిలో రెండు వ్యాసాలున్నాయి, ఒకటి ఆయనది, ఒకటి నర్సమ్మది. కాలం గురించి రాయమన్న ప్రశ్న. ఇద్దరూ ఒకే ఉదాహరణ ఇచ్చారు: తాళం వేసిన ఖాళీ గదిలో గోడ గడియారం కొట్టుకుంటూ ఉంటే, వినేవాళ్లు లేని ఆ టిక్కుటిక్కు కాలమేనా?

"ఇది పుస్తకంలో లేదు. ఇద్దరికీ ఒక్కసారే తోచిందంటారా?"

ఆయన ఆ వాక్యాలను చదువుకున్నాడు. తన అక్షరాలే. రాస్తున్నప్పుడు, ఎక్కణ్నుంచో చల్లగాలి వచ్చినట్టు ఆ గది తన లోపలికి వచ్చిందని కూడా గుర్తుంది. ఎక్కణ్నుంచి వచ్చిందన్నది మాత్రం గుర్తులేదు. ఎడమపక్క నుంచా?

"చెప్పలేను మేడం."

"అసలు పరీక్షకి బయటి వాళ్లు కాపలా వస్తారు. ఒకసారి హెచ్చరిస్తారు, రెండోసారి కాగితం లాక్కుని పంపించేస్తారు. మళ్లీ రెండేళ్ల దాకా రాయనివ్వరు. వాళ్లకి మీరెవరో తెలియదు." ఆవిడ రెండు వ్యాసాలనూ మడిచింది. "నాకు తెలుసనుకుంటున్నాను."

మెట్ల దగ్గర మంగలి కాచుకుని ఉన్నాడు.

"స్టీరింగన్నా, నా కాయితం చూసి రాస్తే ఫెయిలవుతావని అక్కడే చెప్దామనుకున్నా. మేడం ఉంది కదాని ఊరుకున్నా."

"నిజంగా చూశానా తమ్ముడూ?"

"చూడకపోవడమేంటి! కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలో నా కత్తెర వంక చూస్తాడే, చెవి ఉందా పోయిందా అని, అలా చూశావు."

నవ్వించడానికే అన్నాడు. డ్రైవరు మాత్రం ఆ 'అద్దం' దగ్గరే ఆగిపోయాడు.

ఇరవై ఏళ్లుగా ఆయన సిటీ బస్సు నడుపుతున్నాడు. ఎడమ అద్దం, రోడ్డు, కుడి అద్దం, రోడ్డు, నెత్తి మీద లోపలి అద్దం, రోడ్డు. కొత్తలో ఒక ముసలి డ్రైవరు పక్కన నిలబడి, చూడటం మరిచినప్పుడల్లా వేలితో భుజం పొడిచి నేర్పిన చూపు అది. కొన్నాళ్లకు భుజం పొడిచే వేలు అక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఆ చూపు తనదన్న సంగతే మరిచిపోయాడు. గుండె కొట్టుకోవడాన్ని తన పని అని ఎవరనుకుంటారు?

ఇంటికి వెళ్లేసరికి భార్య కుట్టుమిషను ముందు ఉంది. విషయం చెప్పాడు. దొంగతనం అంటగట్టారని ఆమె మండిపడుతుందనుకున్నాడు. ఆమె మిషను ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఇది మీకు ఇవాళ తెలిసిందా?"

"నీకు ముందే తెలుసా?"

"అన్నం తినేటప్పుడూ అంతే కదా. ఓ ముద్ద, ఎడమకి. ఓ ముద్ద, కుడికి. గుమ్మం పైకి ఓసారి. మా అక్క అడిగింది కూడా, మీ ఆయనకి మెడనొప్పా అని. కూర్చుని రాయండి, చూస్తాను."

ఆయన బల్ల దగ్గర కూర్చుని ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఆమె ఎదురుగా కూర్చుని, కొలతలు చెప్పినట్టు పైకి చెప్పసాగింది. "ఎడమ. కుడి. రాత. రాత. ఎడమ. పైకి. అబ్బో, లైటుని కూడా వదల్లేదు." కాసేపటికి మాటలు ఆపేసి, బల్ల మీది కత్తెరను చప్పుడు కాకుండా ఇటునుంచి అటు జరిపింది.

"కత్తెర ఎందుకు జరిపావు?" అన్నాడు ఆయన, పెన్ను ఆపకుండానే.

"ఇంకేం, దొరికిపోయారు! అన్నీ చూస్తున్నారు."

"కదిలింది కాబట్టి తెలిసింది."

"సరే. మీ ఎడమ పక్కన కుర్చీ మీద సాయంత్రం నుంచీ ఓ గుడ్డ ఉంది. అటు తిరక్కుండా దాని రంగు చెప్పండి."

ఆయన ఆలోచించాడు. అక్కడ గుడ్డ ఉందన్న సంగతే తెలియదు. తిరిగి చూస్తే పసుపు రంగు, కళ్లు చెదిరేంత పసుపు.

ఇద్దరూ దాని వంక చూస్తూ కూర్చున్నారు. ఎడమకు ఇన్నిసార్లు వెళ్లిన కళ్లు ఇంత పసుపును వదిలేసి ఖాళీ చేతులతో తిరిగొచ్చాయి. కదిలేవే వాటికి కావాలి. మరి నర్సమ్మ కాగితం కదలలేదు కదా, అనుకున్నాడు. వెంటనే ఇంకో మాట తోచింది: ఆమె పెన్ను కదిలింది.

"పెళ్లయిన కొత్తలో," అంది భార్య, దారం కొరికి, "నన్నే అస్తమానం చూస్తున్నారనుకునేదాన్ని. మురిసిపోయేదాన్ని కూడా."

"ఇప్పుడో?"

"ఇప్పుడేముంది, కత్తెరకీ నాకూ తేడా లేదని తేలింది."

ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. "నువ్వు కదిలితే నాకు తెలుస్తుంది," అన్నాడు ఆ చప్పుడులోనే. వినబడిందో లేదో, ఆమె చెంప మాత్రం కొంచెం కదిలింది. ఆయన చూశాడు.

మర్నాటి నుంచి కళ్లను కట్టేసే పని పెట్టుకున్నాడు. రెండు చేతులూ కణతలకు అడ్డం పెట్టుకుని కాగితం వంకే చూస్తూ కూర్చునేవాడు. కళ్లు నిలిచాయి. వాటితో పాటు బుర్ర కూడా నిలిచిపోయింది. ఒక్క వాక్యం వస్తే ఒట్టు. లోపల ఎవరో తలుపులన్నీ మూసి దీపం ఆర్పి వెళ్లిపోయినట్టుండేది. చేతులు తీసేస్తే చాలు, ఎడమకు ఒక చూపు, కుడికి ఒక చూపు, మాట దానంతటది వచ్చేది. అంటే తన ఆలోచన కూడా అద్దాల మధ్యే నడవడం నేర్చుకుందన్నమాట.

అయినా మొండికేశాడు. ఈ పరీక్ష ఆయనకు అంత ముఖ్యం మరి. అసలు ఆయన కాలేజీలో చేరిందే ఒక వాదన వల్ల. ఆయన రూటు యూనివర్సిటీ గేటు దగ్గర ముగుస్తుంది. ఒకరోజు అక్కడ అందరూ దిగిపోయినా ఇద్దరు కుర్రాళ్లు ముందు సీట్లో కూర్చుని వాదించుకుంటున్నారు. నిద్రపోయేవాడికి తాను నిద్రపోతున్నట్టు తెలుస్తుందా, తెలియదా? తెలియకపోతే లేచాక 'హాయిగా నిద్రపోయాను' అని ఎలా అంటాడని ఒకడు. లేచాక ఊహించి అంటాడని రెండోవాడు. డ్రైవరు నీళ్లు తాగుతూ విన్నాడు. ఆయన దగ్గర మూడో జవాబుంది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య సీట్లోనే కునుకు తీసి, కండక్టరు విజిల్ వేయబోయే ముందు క్షణంలో కళ్లు తెరిచేవాడు ఆయన. లోపల ఎవరో ఒకరు మేలుకుని కాపలా కాస్తారు, వాడెవడు? అని అడగాలనుంది. నెత్తి మీద బోర్డు 'డ్రైవరుతో మాట్లాడరాదు' అంటోంది. డ్రైవరు మాట్లాడకూడదని అందులో లేదు. అయినా ఆయన ఇంజను స్టార్టు చేశాడు, వాళ్లు దిగిపోయారు. ఆ జవాబు చాలా రోజులు నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడో ఒకచోట, ఎవరితోనో ఒకరితో అనకపోతే ఊపిరాడదనిపించి కాలేజీలో చేరాడు. ఎందుకు చేరావని అడిగినవాళ్లకు మాత్రం ప్రమోషన్ వస్తుందని చెప్పేవాడు.

కళ్లను కట్టేయడం మొదలుపెట్టిన వారంలోనే, మార్కెట్ స్టాపులో, విజిల్ వినబడి బస్సు కదిలించాడు. కదిలించిన మరుక్షణం కండక్టరు రేకు మీద దబదబా బాదాడు. బ్రేకు తొక్కాడు. ఎడమ అద్దంలో ఒక ముసలాయన, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద, రెండు చేతులూ కడ్డీకి కరుచుకుని. అద్దం చూపిస్తూనే ఉంది, చూసేవాడే లేడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

దెబ్బేమీ తగల్లేదు. ముసలాయన ఎక్కి, "అంత తొందరేంటి నాయనా, నేనూ వస్తున్నా కదా," అంటూ కూర్చున్నాడు. డ్రైవరు ఖాళీ అయిన మెట్టు వంక ఎడమ అద్దంలో మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.

కండక్టరు ముందుకు వచ్చి వంగి, "ఏం గురూ, పరీక్ష ఇక్కడే రాసేస్తున్నావా?" అన్నాడు. వేళాకోళమే అయినా కళ్లల్లో భయం ఉంది.

ఆ సాయంత్రం క్లాసు మొదలుకాకముందే మేడం దగ్గరికి వెళ్లాడు. ఆవిడ బోర్డు తుడుస్తోంది. దారంతా కూడగట్టుకున్న మాటలు తడబడకుండా వచ్చేశాయి.

"నా కళ్లని మాన్పించలేను మేడం. ఇక్కడ అద్దాల అలవాటు మానితే అక్కడ బస్సులోంచి ఎవరో ఒకరు పడతారు. ఇవాళ పడబోయారు. ఇక ఆ ప్రయత్నం చెయ్యను. ఆ గడియారం మాట కూడా చెప్పాలి. అది నాదో ఆవిడదో నాకు తెలియదు. చూశానని చెప్పలేను, చూడలేదని ఒట్టేసి చెప్పలేను. నాకే తెలియకుండా తీసుకున్నానేమో. మీరు సున్నా వేసినా సరే."

మేడం డస్టరు కింద పెట్టింది. ఆవిడ జవాబు చెప్పేలోపు గుమ్మంలోంచి నర్సమ్మ గొంతు వినిపించింది.

"ఏ గడియారం బాబాయ్? ఖాళీ గదిలోదా?"

"అదే తల్లీ. నీ కాయితంలోంచి తీశానేమోనని..."

"అది నాదెందుకవుతుంది? మేడం చెప్పిందే కదా! మొదటి వారంలో, కరెంటు పోయి అందరం చీకట్లో కూర్చున్న రోజు. తాళం వేసిన గది, గోడ గడియారం. మంచి మాట కదాని దాచుకుని రాసేశా."

మేడం కళ్లప్పగించి చూసింది. "నేనా?"

"మీరే."

ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు వెతుక్కుంది. దొరికినట్టు లేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. వెనకే వచ్చి అంతా విన్న మంగలి, "అయితే ముగ్గుర్నీ బయటికి పంపించాలి మేడం. మిగిలింది నేనొక్కణ్నే, నిజాయితీగా ఏమీ రాయనివాణ్ని," అన్నాడు. డ్రైవరుకూ నవ్వొచ్చింది. గుండె మీంచి బరువు దిగింది.

కానీ ఆ బరువు దిగిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. గడియారం నర్సమ్మది కాదని తేలింది. తనదీ కాదని తేలింది. మేడందా అంటే ఆవిడకే గుర్తులేదు, ఆవిడ ఎక్కడ విన్నదో. ఎక్కినవాళ్లెవరో, ఎక్కడ ఎక్కారో తెలియకుండానే లోపల ఇంతమంది కూర్చుని ప్రయాణం చేస్తున్నారు. మరి వీళ్లలో తానెవరు?

"సీటు మార్చమని అడగండి," అంది మేడం, నవ్వు తగ్గాక. "నంబర్ల ప్రకారం కూర్చోబెడతారు, కానీ మార్చొచ్చు. మీరే అడగాలి. నేనొచ్చి చెబితే నా స్టూడెంట్‌ని వెనకేసుకొచ్చినట్టుంటుంది."

అడగడం. చదవడం కన్నా అదే ఆయనకు పెద్ద గండం. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద ఇరవై ఏళ్లు కూర్చున్నవాడికి తన గురించి తాను నోరు విప్పడం చేతకాదు.

పరీక్ష రోజున హాలు గుమ్మంలో కాపలా ఆయన నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి, ముక్కు మీంచి కళ్లజోడు జారుతోంది. లోపల అందరూ నంబర్లు వెతుక్కుంటున్నారు. డ్రైవరు నంబరు హాలు నట్టనడుమ పడింది, నాలుగు వైపులా నాలుగు కాగితాలు.

"సార్, నన్ను ముందు కూర్చోనివ్వండి."

"అందరూ వెనక సీటు అడుగుతారు. మీరు ముందు అడుగుతున్నారేంటి?"

"నేను బస్సు డ్రైవర్ని సార్. రాస్తూ రాస్తూ పక్కలకి చూస్తాను. కాపీ కొట్టడానికి కాదు. అద్దాలు చూసే అలవాటు, ఆపుకోలేను. పక్కన మనుషులుంటే మీకు అనుమానం వస్తుంది. అనుమానం వస్తే నాకు రెండేళ్లు పోతాయి." ఒక్క బిగిన చెప్పేశాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఆపుకోలేకపోవడమేంటయ్యా, చిన్నపిల్లాడివా? కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటే..." అంటూ ఆయన కళ్లజోడును వేలితో పైకి తోసుకున్నాడు. అది మళ్లీ జారింది, మళ్లీ తోసుకున్నాడు. డ్రైవరు ఆ వేలినే చూశాడు. కాపలా ఆయన మాట మధ్యలో ఆగి, గాల్లో ఉన్న తన వేలి వంక ఒకసారి చూసుకున్నాడు.

తర్వాత ఏమనుకున్నాడో, ఒక బల్లను తనే ఈడ్చుకెళ్లి బోర్డు ముందు, అందరికీ ముందుగా, విడిగా వేశాడు. "ఇక్కడ ఎటు చూసుకున్నా ఒక్క కాగితం కూడా కనబడదు. కానీ ఒక్కసారి వెనక్కి తిరిగావో, కాగితం తీసేసుకుంటా. రెండో మాటుండదు."

"వెనక్కి తిరగను సార్. డ్రైవింగులో అదెప్పుడూ చెయ్యలేదు."

కూర్చున్నాడు. ఎదురుగా నల్లబోర్డు. ఎడమకు కిటికీ, బయట ఎండలో ఎవరో సైకిలు తుడుచుకుంటున్నాడు. కుడికి గుమ్మం. ప్రశ్నాపత్రం వచ్చింది. నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. ఇన్నాళ్లూ మనసులో ఆ వ్యాసమే రాసుకున్నవాడికి నీరసం వచ్చింది. ఉన్నది 'నగరంలో శబ్దాలు'. కాస్త చప్పటి ప్రశ్న. ఎవరైనా పుస్తకంలోంచి రాసేస్తారు.

కళ్లు ఎడమకు వెళ్లాయి. సైకిలు. కుడికి వెళ్లాయి. గుమ్మం. పైకి వెళ్లాయి. బోర్డు పైన గోడ గడియారం ఉంది. దాని అద్దంలో, వేలెడంత బొమ్మలుగా, హాలంతా కనబడింది. వంగిన తలలు, వరసలు, మంగలి బట్టతల, నర్సమ్మ భుజం మీది జడ. ఇంత దూరం నుంచి ఏ అక్షరమూ కనబడదు. మనుషులు మాత్రం కనబడుతున్నారు. అందరూ కూర్చున్నారు. మెట్టు మీద ఎవరూ వేలాడటం లేదు.

ఏళ్ల తరబడి ఈ మనిషికి తెలిసిన నెమ్మది ఒక్కటే: ఇంతమంది వెనక కూర్చుని ఉండటం, ఎవరి ఆలోచనల్లో వాళ్లుండటం, తను ముందు ఉండటం. అది వచ్చేసింది. దాంతో పాటు ఒక వాక్యమూ వచ్చింది. 'ఇంజను చప్పుడు నాకు వినబడదు. అది మారినప్పుడే వినబడుతుంది.' రాశాక ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. ఈ మాట ఎవరు చెప్పారు? మేడం చెప్పలేదు. ఎడమపక్క నర్సమ్మ లేదు, కుడిపక్క మంగలి లేడు. కిటికీ చెప్పలేదు, గుమ్మం చెప్పలేదు. ఎక్కడ ఎక్కిందో తెలిసిన మొట్టమొదటి ప్రయాణికురాలిలా ఆ వాక్యం ఆయన ఎదుట కూర్చుంది. దాని వెనకాలే ఇంకోటి, దాని వెనక మరోటి. ఇంజను ఆగినప్పుడు బస్సులో అందరూ ఒకేసారి మాటలు ఆపేస్తారని, తమ గొంతు తమకే వినబడి సిగ్గుపడతారని రాశాడు. ఆ నిశ్శబ్దం కూడా నగరం చేసే శబ్దమే అని రాశాడు. ఎడమ. కుడి. పైకి. రాత.

మధ్యలో కాపలా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. డ్రైవరుకు తెలిసింది, కదిలాడు కాబట్టి. ఆయన చాలాసేపు అక్కడే ఉండి, ఆ కళ్లు ఎటెటు వెళ్తున్నాయో వాటి వెంటే తనూ చూశాడు. కిటికీ, గుమ్మం, గడియారం. తర్వాత కళ్లజోడు పైకి తోసుకుని వెళ్లిపోయాడు.

గంట మోగింది. కాగితాలు తీసుకున్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి, మనుషులు గలగలా మాట్లాడుకుంటూ గుమ్మం వైపు కదిలారు. "స్టీరింగన్నా, నువ్వు పక్కన లేకపోయేసరికి నాకే ఏమీ తోచలేదు!" అని ఎక్కడి నుంచో మంగలి అరిచాడు. డ్రైవరు మాత్రం కూర్చునే ఉన్నాడు, చేతులు బల్ల అంచు మీద, కళ్లు గడియారం అద్దంలో.

కాపలా ఆయన కట్ట సర్దుకుంటూ చూశాడు. "అయిపోయింది కదా, లేవరేం? రాసింది సరిపోలేదా?"

"బాగానే రాశాను సార్," అన్నాడు డ్రైవరు, కళ్లు తిప్పకుండా. "అందరూ దిగనివ్వండి."